ఒక ఫర్నేసు, రెండు కాగితాలు

న్యూజెర్సీలో జనవరి చలికి హీటింగ్ ఆగిపోయిన ఇంట్లోకి ఒకటి రెండు రోజుల తేడాలో రెండు కాగితాలు వచ్చి చేరుతుంటాయి. ఒకటి రిపేరు అంచనా, రెండోది కొత్త ఫర్నేసుకు కోట్. మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో ఈమధ్య ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఇద్దరు రచయితలు ఒకే కథను చెప్పినట్టుగా కాకుండా, రెండు వేరువేరు ఇళ్ళ గురించి రాసినట్టుగా కనబడ్డాయి.

మొదటిది ఒక్క పేజీ. ఇండ్యూసర్ మోటారు పోయింది, మోటారూ కూలీ కలిపి 900 డాలర్లు, 90 రోజుల గ్యారంటీ. రెండోది ఆరు పేజీలు, రంగుల బొమ్మలతో. మీ ఫర్నేసు వయసు 19 ఏళ్ళు, దాని ఆయుష్షు తీరిపోయింది, కొత్తది 95 శాతం సామర్థ్యం కలది, మొత్తం 7,500 డాలర్లు, నెలాఖరులోగా సంతకం పెడితే తగ్గింపు.

"పందొమ్మిదేళ్ళ దాన్ని పట్టుకుని ఇంకా ఎన్నాళ్ళు వేలాడతాం? ఇవాళ మోటారు, రేపు బోర్డు. పిల్లలు రెండు రాత్రులు స్వెట్టర్లతో పడుకున్నారు" అంది వదిన.

"మోటారు పోతే మోటారు మార్చుకుంటాం గానీ మొత్తం పీకి పారేస్తామా?" అన్నాడు అన్నయ్య.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాగితాలు రెండూ కూడా అబద్ధం చెప్పలేదు. కానీ మొదటి కాగితం పోయిన భాగాన్ని మాత్రమే చూసింది, రెండోది పుట్టిన సంవత్సరాన్ని మాత్రమే చూసింది. పోయిన భాగానికి ఆ యంత్రంలో ఉన్న స్థానం ఏమిటి, ఆ యంత్రానికి ఆ ఇంట్లో ఉన్న స్థానం ఏమిటి అన్నవి రెండింట్లోనూ లేవు. నిర్ణయమంతా ఆ రెండింటి మీదే ఆధారపడి ఉంది.

ముందు యంత్రం సంగతి. థర్మోస్టాట్ వేడి కావాలని అడగ్గానే మొదట తిరిగేది ఈ ఇండ్యూసరే. అదొక చిన్న ఫ్యాను, లోపల మిగిలిన వాయువులను బయటికి లాగుతుంది. అది సరిగ్గా లాగుతోందని ప్రెషర్ స్విచ్ నమ్మితేనే తర్వాతి పని జరుగుతుంది. ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్ల మీద నీలం మంట ఒక కొస నుంచి ఇంకో కొసకు పాకుతుంది. ఆ మంటలో ఒక సన్నటి కడ్డీ నిలబడి ఉంటుంది. అది ఫ్లేమ్ సెన్సర్. మంట ఉందని మైక్రోఆంపులలో కొలవాల్సినంత చిన్న కరెంటుతో బోర్డుకు కబురు పంపుతుంది. అర నిమిషం గడిచాక పెద్ద బ్లోవర్ తిరిగి వేడి గాలిని గదుల్లోకి తోస్తుంది.

ఈ వరుసలో ఏ ఒక్కటి తప్పినా ఇల్లు చల్లబడుతుంది. సెన్సర్ కడ్డీకి పల్చటి పొర పట్టినా చాలు, మంట అంటుకుని నాలుగైదు సెకన్లకే ఆరిపోతుంది. మళ్ళీ అంటుకుంటుంది, మళ్ళీ ఆరుతుంది. కొన్ని ప్రయత్నాలయ్యాక బోర్డు ఇక చాలని తనకు తానే తాళం వేసుకుంటుంది. దీనికి మందు ఆ కడ్డీని సన్నటి స్టీల్ ఉన్నితో తుడవడమే. అలాంటి రోజున కూడా "పాతదైపోయిందండీ, మార్చేయండి" అనే మాట వినబడుతుంది. బోర్డు మీద ఒక చిన్న లైటు ఫలానా తప్పని మిణుకుతూ చెబుతుంది, ఎన్ని మిణుకులకు ఏ తప్పో తలుపు లోపలివైపు అతికించిన పట్టీలో రాసి ఉంటుంది. ఎవరికైనా ఫోన్ చేసేముందు ఆ మిణుకులు లెక్కపెట్టుకుని, ఫిల్టరు ఎంత మూసుకుపోయిందో చూసుకున్న వాళ్ళతో టెక్నీషియన్ మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఇండ్యూసర్, ఇగ్నైటర్, సెన్సర్, బోర్డు, బ్లోవర్ మోటారు, ఇవన్నీ స్క్రూలు విప్పి మార్చే భాగాలు. ఒకటి పోయినంత మాత్రాన మిగతావి పోబోతున్నాయని అర్థం కాదు. మార్చాలంటే యంత్రాన్నే మార్చినంత పనయ్యే భాగం ఒక్కటే, హీట్ ఎక్స్ఛేంజర్. దాని లోపలి గోడ వెంట మంట, పొగ. బయటి గోడ వెంట మనం పీల్చే గాలి. మధ్యలో ఉన్నది పల్చటి లోహపు రేకు. కాగుతూ చల్లారుతూ ఏళ్ళు గడిచాక ఆ రేకు పగిలిందంటే కార్బన్ మోనాక్సైడ్ గదుల్లోకి వచ్చే దారి తెరుచుకున్నట్టే. దానికి రంగు లేదు, వాసన లేదు. అమెరికాలో మంటలతో సంబంధం లేకుండా, ప్రమాదవశాత్తూ ఈ వాయువు పీల్చి ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే చెబుతోంది. ఆ మరణాలన్నీ ఫర్నేసుల వల్ల కాదు, జనరేటర్లూ కార్లూ కూడా ఉన్నాయి. అయినా ఎక్స్ఛేంజర్ పగిలిందని తేలాక రిపేరా, కొత్తదా అనే చర్చకు చోటు లేదు. గ్యాసు కట్టేసి, మార్చాల్సిందే.

అలాంటి మాట కాబట్టే దాన్ని దుర్వినియోగం చేసేవాళ్ళూ ఉన్నారు. "పగిలింది" అనగానే పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా చేతులు వణుకుతాయి. సంతకం పెట్టించుకోవడానికి అంతకంటే అనువైన క్షణం ఉండదు. అందుకని పగులు ఫొటో అడగాలి. సన్న కెమెరా లోపలికి పంపి చూపించమనాలి. పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో కొలిచిన అంకె కాగితం మీద రాయించుకోవాలి. యంత్రాన్ని ఆపి ఉంచి, ఇంకొకరిని పిలిచి చూపించుకోవాలి. నిజాయితీ ఉన్న పనివాడు ఇందులో దేనికీ నొచ్చుకోడు.

అన్నయ్య ఇంట్లో రెండో కాగితం తెచ్చిన మనిషి ఎక్స్ఛేంజర్ వైపు చూడనే లేదు. మొదటి కాగితం తెచ్చిన టెక్నీషియన్ కెమెరా పెట్టి చూశాడు, పగుళ్ళు లేవన్నాడు, కానీ ఆ ముక్క కాగితం మీద రాయలేదు. అడిగితే రాసి ఇచ్చాడు. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యం విలువ ఆ ఆరు పేజీలకంటే ఎక్కువ.

వయసు లెక్క ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తెలుస్తుంది. గ్యాస్ ఫర్నేసు 15 నుంచి 20 ఏళ్ళు పనిచేస్తుందన్న మాట సగటుగా నిజమే. కానీ రేకు పగిలేది సంవత్సరాలు గడిచినందుకు కాదు, అతిగా కాగినందుకు, అస్తమానం కాగి చల్లారినందుకు. నెలల తరబడి మూసుకుపోయిన ఫిల్టరుతో, ఇంటికి మించిన సైజుతో నడిచిన ఫర్నేసు పన్నెండేళ్ళకే పగలొచ్చు. ఒకే సంవత్సరంలో ఒకే వీధిలో పెట్టిన రెండు ఫర్నేసుల్లో ఒకటి ఇనప సామాన్లలోకి పోయి, రెండోది ఇంకా పదేళ్ళు నడవచ్చు.

ఈ వ్యాపారంలో రెండు బండ సూత్రాలు చలామణిలో ఉన్నాయి. మొదటిది, వయసును రిపేరు ఖర్చుతో గుణిస్తే 5,000 దాటితే మార్చేయాలి. రెండోది, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితేనే మార్చాలి. అన్నయ్య ఫర్నేసుకు ఈ రెండూ వేసి చూద్దాం. 19ని 900తో గుణిస్తే 17,100. మొదటి సూత్రం ప్రకారం ఎప్పుడో పారేయాల్సింది. 900 అన్నది 7,500లో 12 శాతం. రెండో సూత్రం ప్రకారం మార్చాలన్న ఆలోచనే తప్పు. ఒకే యంత్రం మీద, ఒకే రోజున రెండు సూత్రాలు రెండు తీర్పులిచ్చాయంటే రెండింటికీ ఆ యంత్రంతో పరిచయం లేదని అర్థం. మొదటి సూత్రాన్నే నమ్ముకుంటే ఇరవయ్యేళ్ళు దాటిన ఫర్నేసుకు 260 డాలర్ల పని వచ్చినా అది చెత్తకుప్పకే పోవాలి.

రెండో కాగితంలోని అసలు బలం గ్యాసు ఆదా. ఆరు పేజీల్లో నాలుగు దాని మీదే నడిచాయి. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1992 నుంచి అమెరికాలో కొత్త గ్యాస్ ఫర్నేసుకు 78 శాతం కనీస సామర్థ్యం ఉండాలన్న నిబంధన వచ్చింది, 2015 నుంచి అది 80 అయింది. 80 శాతం అంటే మండిన గ్యాసులోని వేడిలో ఐదోవంతు పొగగొట్టంలోంచి పోతోందన్నమాట. ఆ పోయేదాంట్లో పెద్ద భాగం నీటి ఆవిరిలో దాక్కున్న వేడి. ఒక థెర్మ్ (గ్యాసు బిల్లులో వాడే కొలత) గ్యాసు మండితే నాలుగు లీటర్లకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. 95 శాతం రకం ఫర్నేసులు ఆ ఆవిరిని రెండో ఎక్స్ఛేంజర్‌లో చల్లార్చి నీరుగా మార్చి, దానిలోని వేడిని ఇంటికే ఇచ్చేస్తాయి. అందుకే వాటిని కండెన్సింగ్ ఫర్నేసులంటారు. ఇంజనీరింగ్ పరంగా ఎంతో అందమైన ఆలోచన అది.

కానీ అందం ఎంత డబ్బు తెస్తుందో లెక్క వేసి చూడాలి. ఏడాదికి 800 థెర్ములు వాడే ఇల్లు అనుకుందాం, థెర్ముకు అన్నీ కలిపి డాలరున్నర అనుకుందాం. 80 శాతం నుంచి 95కి మారితే అదే వేడికి 674 థెర్ములు చాలు. మిగిలేది 126 థెర్ములు, అంటే ఏడాదికి 189 డాలర్లు. ఈ లెక్కన 7,500 డాలర్లు తిరిగి రావడానికి దాదాపు 40 ఏళ్ళు పడుతుంది. ఆ కొత్త ఫర్నేసు అప్పటిదాకా బతకదు. గ్యాసు ఆదా కోసం నడుస్తున్న 80 శాతం ఫర్నేసును మార్చాలన్న వాదం ఈ లెక్క ముందు నిలవదు.

అయితే ఎలాగూ మార్చక తప్పని రోజు వస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు చూడాల్సింది మొత్తం ధర కాదు, కొత్త 80కీ కొత్త 95కీ మధ్య ఉన్న తేడా. ఆ తేడా 2,000 డాలర్లు అనుకుంటే పదకొండేళ్ళ లోపే తిరిగొస్తుంది. అప్పుడు 95నే కొనాలి. ఇక పైలట్ మంట నిత్యం వెలుగుతుండే, 65 శాతం కూడా ఇవ్వని 1980ల నాటి ఫర్నేసు ఇంకా నడుస్తున్న ఇంట్లో ఆదా ఇంతకు రెట్టింపు. అక్కడ వదిన వాదానికే నా ఓటు.

రెండో కాగితంలో నన్ను కలవరపెట్టింది ధర కాదు, అందులో లేని ఒక వాక్యం. అన్నయ్య ఇంట్లో పాత ఫర్నేసూ, పక్కనే ఉన్న గ్యాస్ వాటర్ హీటరూ ఒకే ఇటుక చిమ్నీలోకి పొగ వదులుతాయి. ఫర్నేసు వేడి పొగ చిమ్నీని వెచ్చగా ఉంచుతుంది కాబట్టి వాటర్ హీటర్ పొగ కూడా దాంతోపాటు సులువుగా పైకి పోతుంది. కొత్త కండెన్సింగ్ ఫర్నేసు చిమ్నీ వాడదు, దాని పొగ చల్లగా ఉంటుంది గనుక ప్లాస్టిక్ గొట్టంతో గోడలోంచి బయటికి పోతుంది. అప్పుడు ఆ పెద్ద చిమ్నీలో వాటర్ హీటర్ ఒంటరిగా మిగులుతుంది. చిమ్నీ చల్లబడి లాగే బలం తగ్గుతుంది. ఆవిరి ఇటుకల మీద నీరై గారని తినేస్తుంది. చెడ్డ రోజున పొగ వెనక్కి తిరిగి బేస్‌మెంట్‌లోకే వస్తుంది. దీనికి చిమ్నీ లోపల సరైన కొలతతో స్టీలు లైనర్ దించాలి, లేదా వాటర్ హీటర్‌ను కూడా మార్చాలి. ఆ ఖర్చు ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. భద్రత పేరుతో అమ్మే వస్తువు వెంట అలాంటి కొత్త ప్రమాదం ఇంట్లోకి రావడం నాకు ఒళ్ళు మండించే విషయం. కోట్ తెచ్చినవాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: వాటర్ హీటర్ పొగ సంగతి ఏం చేస్తారు?

అడగాల్సిన రెండో సంగతి సైజు. పాత ఫర్నేసు పట్టీ మీద 100,000 బీటీయూ అని ఉంది. కొత్త కోట్‌లోనూ 100,000 అనే ఉంది. చూడ్డానికి సమానంగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. కానీ అది లోపలికి పోయే గ్యాసు లెక్క. పాతది అందులో 80,000 ఇంటికిచ్చేది, కొత్తది 95,000 ఇస్తుంది. అంటే ఎవరూ అడక్కుండానే ఇంకా పెద్ద యంత్రం వస్తోంది. ఇల్లు మారలేదు, ఇంటికి కావలసిన వేడీ మారలేదు. అన్నయ్య స్మార్ట్ థర్మోస్టాట్‌లో రికార్డు తీసి చూశాం. బయట 15 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్న రాత్రి ఫర్నేసు గంటలో సగం సేపే నడిచింది. అంటే అంత చలిలోనూ ఆ ఇంటికి 40,000 సరిపోయింది. 95,000 యంత్రం పెడితే పది నిమిషాలు ఉక్కపోసి, ఆగి, గదులు చల్లబడి, మళ్ళీ మొదలై, తన ఎక్స్ఛేంజర్‌ను తానే తొందరగా చంపుకుంటుంది. మాన్యువల్ జె అనే లెక్క ఉంది. గోడలు, కిటికీలు, అటక మీది ఇన్సులేషను కొలిచి ఇంటికి ఎంత వేడి కావాలో చెబుతుంది. ఆ లెక్క వేయకుండా పాత పట్టీ చూసి అంకె దించేసిన కోట్‌ను చదవాల్సిన పని కూడా లేదు.

ఇంతా చెప్పాక కొత్తదానికి దక్కాల్సింది దానికి దక్కాలి. చాలా కొత్త ఫర్నేసులు మంటకు కావలసిన గాలిని గొట్టంతో బయటినుంచే తెచ్చుకుంటాయి, బేస్‌మెంట్ గాలిని వాడవు. అది నిజమైన భద్రత. రెండు మూడు స్థాయిల్లో మండేవి మెల్లగా, ఎక్కువసేపు నడిచి గదులన్నీ సమంగా వెచ్చగా ఉంచుతాయి. పై గదిలో చెమట, కింది గదిలో వణుకు అనే బాధ తగ్గుతుంది. చంటిపిల్లలూ, చలికాలంలో వచ్చి ఉండే పెద్దవాళ్ళూ ఉన్న ఇంట్లో ఆ సుఖానికి విలువ కట్టుకోవడం తప్పేమీ కాదు. కానీ కొత్తది అంటే ఇక చింత లేదన్న నమ్మకం మాత్రం వద్దు. దానికి రెండో ఎక్స్ఛేంజర్ ఉంది, అందులో ఊరే నీటికి ఆమ్ల గుణం ఉంది, ఆ నీరు పోయే గొట్టం మూసుకుపోయినా గడ్డకట్టినా ఫర్నేసు ఆగిపోతుంది. పాతది డబ్బును పొగలో పోగొడుతుంది, కొత్తది విడిభాగాల్లో పోగొట్టవచ్చు.

ఏసీ పరిస్థితి ఈ నిర్ణయాన్ని ఒక్కోసారి పూర్తిగా మార్చేస్తుంది. ఫర్నేసు నెత్తిన కూర్చునేది ఏసీ కాయిలే, రెండింటికీ బ్లోవర్ ఒక్కటే. ఆ ఏసీ ఆర్-22 గ్యాసుతో నడిచే పాతదైతే, ఆ గ్యాసు కొత్త తయారీ, దిగుమతి అమెరికాలో 2020తోనే ఆగిపోయాయి. 2025 నుంచి కొత్త ఏసీలు ఆర్-32, ఆర్-454బి లాంటి వేరే గ్యాసులకు మారాయి, పాత కాయిలు వాటికి పనికిరాదు. ఏసీ కూడా చివరికొచ్చిన ఇంట్లో రెండూ ఒకేసారి మార్చడం కూలీ పరంగా లాభం. అప్పుడు బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే హీట్ పంప్ అనే మూడో దారి కూడా బల్ల మీదికి రావాలి. ఆయిలు, ప్రొపేన్, ఉత్త కరెంటు కాయిళ్ళతో ఇల్లు వేడిచేసుకునేవాళ్ళకు అది చాలాసార్లు మంచి బేరం. పైపు గ్యాసు ఉన్న ఇంట్లో కరెంటు ధరను బట్టి ఉంటుంది. యూనిట్ 18 సెంట్లు, హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుందనుకుంటే, ఒక థెర్మ్ వేడికి 2 డాలర్ల 11 సెంట్లు అవుతుంది. పైన చెప్పిన గ్యాసు ధరకు 95 శాతం ఫర్నేసు అదే వేడిని 1 డాలరు 58 సెంట్లకు ఇస్తుంది. హీట్ పంప్ లాంటివాటికి 2022 నాటి చట్టం ఇచ్చిన ఫెడరల్ పన్ను రాయితీ కూడా 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇప్పటికీ ఆ రాయితీని కలిపి ధర చూపించే కోట్ వస్తే పక్కన పడేయండి.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ పోలిక ఇలాగే వర్తించదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నుంచే కొత్త గ్యాస్ బాయిలర్లు కండెన్సింగ్ రకమై ఉండాలన్న నియమం ఉంది కాబట్టి, అక్కడి పదిహేనేళ్ళ బాయిలర్‌ను ఇంకో బాయిలర్‌తో మారిస్తే ఆదా అంతంతమాత్రం. హీట్ పంప్‌కు 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది గనుక అక్కడ అసలు పోటీ బాయిలర్‌కూ బాయిలర్‌కూ మధ్య కాదు.

మన అలవాటు గురించి ఒక మాట. తెలుగు నేల మీద చలికి కుంపటో రగ్గో తప్ప ఇంటిని వేడిచేసే యంత్రంతో మనకు పని పడలేదు. కానీ రిపేరు మన రక్తంలో ఉంది. మిక్సీ నుంచి మోటార్ సైకిల్ దాకా చిన్న కొట్టులో బాగుచేయించుకుని వాడుకున్నవాళ్ళం. అది మంచి గుణమే. కాకపోతే అక్కడ చేతిపని చవక, వస్తువు ఖరీదు. ఇక్కడ అమెరికాలో ఇగ్నైటర్ ఖరీదు పదుల డాలర్లలో ఉంటే, అది బిగించడానికి మనిషి గుమ్మం తొక్కినందుకే అంతకు మించి అడుగుతాడు. ఒకే చలికాలంలో మూడుసార్లు ఆ గుమ్మం తొక్కించుకున్న ఇంట్లో అన్నయ్య తర్కం చెల్లదు. ఆయన ఫర్నేసుకు ఇది ఆరేళ్ళలో మొదటి రిపేరు కాబట్టే చెల్లింది.

రెండు కాగితాల మీద నా తీర్పు ఇది. మొదటి కాగితం సగమే చెప్పినా సరిగ్గా చెప్పింది. రెండోది చాలా చెప్పి అసలుది వదిలేసింది. అన్నయ్య 900 ఇచ్చి మోటారు వేయించాడు. వదిన ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: ఏప్రిల్‌లో, ఎవరికీ తొందర లేని రోజుల్లో, మాన్యువల్ జె లెక్కతో, చిమ్నీ లైనర్ ఖర్చుతో సహా మూడు కోట్‌లు తెప్పించి ఫైల్లో పెట్టాలని. ఆ షరతే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన మాట. జనవరి రాత్రి కొనే ఫర్నేసు దొరికిన సైజులో, చెప్పిన ధరకు వస్తుంది. ఏప్రిల్‌లో కొనేది మన ఇంటి కొలతకు వస్తుంది.

మీ ఇంట్లో ఫర్నేసుకు పదిహేనేళ్ళు దాటి ఉంటే, మోటారు పోయేదాకా ఆగకండి. ఈ అక్టోబరులోపు ఒకసారి ఎక్స్ఛేంజర్ చూపించి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ అంకె రాయించుకోండి. పడకగదుల దగ్గరున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక్కి తిప్పి తేదీ చూడండి. వాటి ఆయుష్షు ఐదు నుంచి పదేళ్ళే. గడువు దాటిన అలారాన్ని మాత్రం రిపేరు చేయించే ఆలోచన పెట్టుకోకుండా ఇవాళే మార్చేయండి.